షూలెస్ జో జాక్సన్: కోర్టు విడిచిపెట్టినా వీడని కళంకం

అమెరికా బేస్‌బాల్ చరిత్రలో అత్యుత్తమ బ్యాటర్ల ప్రస్తావన వచ్చినా, ఫిక్సింగ్ ప్రస్తావన వచ్చినా తప్పక వినిపించే పేరు జో జాక్సన్. 1951లో కన్నుమూసిన ఆయనపై ఉన్న నిషేధం 2025 మే 13న తొలగిపోయింది. శాశ్వత నిషేధం సంబంధిత వ్యక్తి మరణంతోనే ముగుస్తుందని మేజర్ లీగ్ బేస్‌బాల్ కమిషనర్ రాబ్ మన్‌ఫ్రెడ్ నిర్ణయించడమే ఇందుకు కారణం. దీంతో న్యూయార్క్ రాష్ట్రంలోని కూపర్స్‌టౌన్‌లో ఉన్న బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో ఆయనకు చోటు దక్కాలా వద్దా అన్న పాత వివాదానికి మళ్లీ ప్రాణం వచ్చింది.

జాక్సన్ 1887 జులై 16న దక్షిణ కరోలినా రాష్ట్రంలోని పికెన్స్ కౌంటీలో నిరుపేద కుటుంబంలో జన్మించారు. బడికి వెళ్లాల్సిన వయసులో గ్రీన్‌విల్‌లోని నూలు మిల్లులో పనికి కుదిరారు. చదవడం, రాయడం ఆయనకు రాలేదు. పెళ్లయిన తర్వాత ఒప్పంద పత్రాలను భార్య కేటీ చదివి వినిపించేవారు. పదమూడేళ్ల ప్రాయంలోనే మిల్లు జట్టులో చోటు సంపాదించారు. ఒక మ్యాచ్‌లో కొత్త బూట్లు కరిచి కాళ్లు బొబ్బలెక్కడంతో మేజోళ్లతోనే బరిలోకి దిగారని, అప్పుడు పడిన ‘షూలెస్’ అనే పేరు జీవితాంతం నిలిచిపోయిందని చెబుతారు.

1908లో ఫిలడెల్ఫియా జట్టు ద్వారా మేజర్ లీగ్‌లో ప్రవేశించిన జాక్సన్ 1910లో క్లీవ్‌లాండ్‌కు మారారు. మరుసటి ఏడాది, తన తొలి పూర్తి సీజన్‌లో, బ్యాటింగ్ సగటు 0.408గా నమోదు చేశారు. అంటే వెయ్యి అవకాశాల్లో 408 సార్లు హిట్ సాధించినట్లు లెక్క. బేస్‌బాల్‌లో 0.300 సాధించిన బ్యాటర్‌నే మేటిగా పరిగణిస్తారు. అయినా ఆ ఏడాది 0.420 సగటు సాధించిన టై కాబ్‌కే అగ్రస్థానం దక్కింది. 1915లో చికాగో వైట్ సాక్స్‌లో చేరిన జాక్సన్, 1917లో ఆ జట్టు వరల్డ్ సిరీస్ గెలవడంలో పాలుపంచుకున్నారు. కెరీర్ మొత్తంలో 1,772 హిట్లు, 0.356 సగటు ఆయన ఖాతాలో ఉన్నాయి.

1919 వరల్డ్ సిరీస్ ఆయన జీవితాన్ని తలకిందులు చేసింది. బలమైన జట్టుగా పేరున్న వైట్ సాక్స్, సిన్సినాటి రెడ్స్ చేతిలో 3-5 తేడాతో ఓడిపోయింది. జూదగాళ్ల నుంచి డబ్బు పుచ్చుకుని కొందరు కావాలనే ఓడారన్న అనుమానాలు బలపడ్డాయి. 1920 సెప్టెంబరులో చికాగో గ్రాండ్ జ్యూరీ ఎదుట జాక్సన్ వాంగ్మూలం ఇచ్చారు. తనకు 20,000 డాలర్లు ఇస్తామన్నారని, సహచర పిచర్ లెఫ్టీ విలియమ్స్ ద్వారా 5,000 డాలర్లు అందాయని అంగీకరించారు. అయితే మైదానంలో మాత్రం గెలుపు కోసమే ఆడానని పేర్కొన్నారు.

ఆ సిరీస్ గణాంకాలను ఆయన మద్దతుదారులు ప్రధాన సాక్ష్యంగా చూపుతారు. జాక్సన్ సగటు 0.375. ఆయన కొట్టిన 12 హిట్లు అప్పటికి రికార్డు. సిరీస్ మొత్తంలో నమోదైన ఏకైక హోమ్ రన్ కూడా ఆయనదే. ఫీల్డింగ్‌లో ఆయన పేరిట ఒక్క తప్పిదమూ నమోదు కాలేదు. విమర్శకులు అవే గణాంకాలను మరో కోణంలో చదువుతారు. జట్టు నాలుగింట ఓడిన మొదటి ఐదు మ్యాచ్‌ల్లో జాక్సన్ బ్యాట్ ఒక్క పరుగునూ రాబట్టలేదని, ఆయన అందించిన ఆరు పరుగులూ చివరి మూడు మ్యాచ్‌ల్లోనే వచ్చాయని గుర్తుచేస్తారు.

విచారణ నాటికి వాంగ్మూల పత్రాలు మాయమయ్యాయి. ఓడిపోవాలన్న ఒప్పందం ఉన్నంత మాత్రాన సరిపోదని, ప్రజలను మోసగించే ఉద్దేశం రుజువు కావాలని న్యాయమూర్తి జ్యూరీకి సూచించారు. 1921 ఆగస్టు 2న నిందితులైన క్రీడాకారులంతా నిర్దోషులుగా బయటపడ్డారు. మర్నాడే తొలి కమిషనర్ కెనెసా మౌంటెన్ లాండిస్, కోర్టు తీర్పుతో నిమిత్తం లేకుండా ఎనిమిది మందిని క్రీడ నుంచి శాశ్వతంగా బహిష్కరించారు. అంతకుముందు ఏడాదే 0.382 సగటుతో రాణించిన జాక్సన్ కెరీర్ అలా ముగిసింది.

రావాల్సిన వేతనం కోసం ఆయన వేసిన దావా 1924లో మిల్వాకీలో విచారణకు వచ్చింది. మాయమైన వాంగ్మూలం అక్కడ జట్టు యజమాని చార్లెస్ కొమిస్కీ న్యాయవాదుల చేతుల్లో ప్రత్యక్షమైంది. జ్యూరీ జాక్సన్ పక్షాన నిలిచినా, ఆయన అబద్ధపు సాక్ష్యం చెప్పారంటూ న్యాయమూర్తి ఆ నిర్ణయాన్ని రద్దు చేశారు. తర్వాత జాక్సన్ సవానా పట్టణంలో బట్టలు శుభ్రం చేసే వ్యాపారం, అనంతరం గ్రీన్‌విల్‌లో మద్యం దుకాణం నడిపారు. 1951 డిసెంబరు 5న అక్కడే గుండెపోటుతో మరణించారు.

హాల్ ఆఫ్ ఫేమ్‌కు 1936లో జరిగిన తొలి ఎన్నికలో జాక్సన్‌కు రెండు ఓట్లు మాత్రమే వచ్చాయి. నిషేధిత జాబితాలోని వారు పోటీకి అనర్హులన్న నిబంధన 1991లో వచ్చింది. ఇప్పుడు ఆ అడ్డంకి తొలగినందున 2027 డిసెంబరులో సమావేశమయ్యే కమిటీ ముందుకు ఆయన పేరు వచ్చే అవకాశం ఉంది. ఎన్నిక కావాలంటే 16 మంది సభ్యుల్లో 12 మంది మద్దతు అవసరం.

ఆట ప్రతిభతో పాటు నిజాయతీ, నడవడికనూ పరిగణించాలని హాల్ నిబంధనలు చెబుతున్నాయి. జాక్సన్ ఎంత గొప్పగా ఆడేవారన్నది నిర్వివాదాంశం. 5,000 డాలర్లు ఆయనకు చేరాయన్నదీ అంతే. సిరీస్‌లో ఆయన ఆట ఎంత మెరుగ్గా ఉన్నా, ఆ సొమ్ము అందిన విషయాన్ని ప్రేక్షకులకు తెలియనివ్వలేదన్న వాస్తవాన్ని అది చెరిపివేయదు. మరోవైపు, చదువురాని ఓ మిల్లు కార్మికుడు ఆ తప్పుకు మూడు దశాబ్దాల పాటు, తుదిశ్వాస వరకు మూల్యం చెల్లించారు. ఆ శిక్ష చాలునా అన్నదే కమిటీ ముందు నిలిచే అసలు ప్రశ్న.