శ్రీ శివలింగప్ప రుద్రప్ప కంఠి

శ్రీ బసవేశ్వరులు లింగైక్యము నొందిన కూడలసంగమము హునగుంద తాలూకాలోనిది. ఆ తాలూకా ప్రజలు పలుమారులు తమ ప్రతినిధిగా శాసనసభకు పంపిన పెద్దలు శ్రీ ఎస్.ఆర్. కంఠిగారు. వీరు 1908వ సంవత్సరమున నాటి బిజాపురము జిల్లాలోని కెరూరులో జన్మించిరి. ధారవాడ, కొల్హాపురములలో విద్య నభ్యసించి, హునగుందలో న్యాయవాదులై, స్వాతంత్ర్యోద్యమమున పాల్గొనిరి. బొంబాయి శాసనసభకు ఉపసభాపతిగా నుండిరి. 1956 నవంబరు 1న బిజాపురము జిల్లా మైసూరు రాష్ట్రమున చేరినది. ఆ సంవత్సరాంతముననే వీరు మైసూరు శాసనసభకు సభాపతులైరి. అప్పటినుండి ఐదేండ్లకు పైగా ఆ పీఠము నలంకరించిరి.

1962 ఫిబ్రవరిలో ఎన్నికలు జరిగినవి. 208 స్థానములకు గాను కాంగ్రెసునకు 138 వచ్చినవి. ప్రజా సోషలిస్టులకు 20, స్వతంత్ర పక్షమునకు 9 మాత్రమే దక్కినవి. విజయమునకు లోటు లేదు. కాని కాంగ్రెసువారిలో అధికులు ముఖ్యమంత్రిగా చేయదలచిన శ్రీ నిజలింగప్పగారు హొసదుర్గలో ఓడిపోయిరి! పెండ్లికి సమస్తమును సమకూడి వరుడు లేనట్లైనది.

అంతవరకు ముఖ్యమంత్రిగా నున్న శ్రీ బి.డి. జత్తిగారిని మరల ఆ పదవియందు నిలుపుటకు నిజలింగప్పగారి వర్గము సమ్మతింపలేదు. జత్తి, నిజలింగప్ప, కంఠి - మువ్వురును లింగాయతులే. కనుక దీనిని కులకలహమనుట పొరపాటు. ఇది ఒకే పక్షములోని ఇంటిపోరు. సభాసభ్యుడు కానివాడును ఆరు మాసములు మంత్రిగా నుండుటకు రాజ్యాంగమున వీలున్నది. 1952లో మద్రాసున రాజాజీ ప్రజల ఓట్లతో పనిలేకయే విధానపరిషత్తునకు నియమితులై ముఖ్యమంత్రులైరి. దానిపై చెలరేగిన విమర్శ తెలుగువా రెరిగినదే. మైసూరులో అట్లు చేయక, సభాపతిగా నుండిన కంఠిగారిని నాయకునిగా ఎన్నుకొనిరి. 1962 మార్చి 14న వారు ముఖ్యమంత్రిగా ప్రమాణస్వీకారము చేసిరి.

పిమ్మట బాగలకోట స్థానము ఖాళీ చేయబడినది. ఉపఎన్నికలో నిజలింగప్పగారు అచటినుండి గెలిచిరి. హొసదుర్గ ప్రజలు కాదన్నవారికి మరియొక తావున మార్గము కల్పించుట ఎంతవరకు ఉచితమని అడుగువారి ప్రశ్న త్రోసిపుచ్చదగినది కాదు. అయినను నామినేషనుకంటె అది మేలైన త్రోవయే.

ఇక చిక్కంతయు కంఠిగారి చేతిలో నున్నది. అధికారము చేతికి వచ్చిన పిమ్మట ఏదో యొక సాకు చూపి గడువు పెంచుకొనువారు కోకొల్లలు. అసంతృప్తులైన జత్తి వర్గమువారిని చేరదీసినచో కంఠిగారికి అది అసాధ్యము గాదు. వా రా పని చేయలేదు. జూను 20న పదవి నప్పగించిరి. మరునాడు నిజలింగప్పగారు ముఖ్యమంత్రులైరి. మూడు మాసములు దాటి కొన్ని దినములు, అంతే. పాదుకలను కొలిచిన భరతునితో వీరిని పోల్చుట కన్నడనాట పరిపాటి. భరతుడు సింహాసన మెక్కనే లేదు. కంఠిగారు ఎక్కి దిగిరి. ఎక్కి దిగుటయే కష్టతరము.

ముఖ్యమంత్రిగా నుండినవారు తరువాత మంత్రిగా పనిచేయుటకు చిన్నతనముగా తలచుట సహజము. కంఠిగారు నిజలింగప్పగారి మంత్రివర్గమున విద్యాశాఖను స్వీకరించిరి. 1963లో బిజాపురమున సైనికపాఠశాల వెలసినది. అది అచటికి వచ్చుటలో వీరి కృషి యెన్నదగినది. 1969 డిసెంబరులో వీరు లింగైక్యులైరి.