జాకో పాస్టోరియస్: బేస్ గిటార్ రాత మార్చాడు.. 35 ఏళ్లకే వెళ్లిపోయాడు.. లైవ్ ఆల్బమ్‌లలో మాత్రం ఇంకా బతికే ఉన్నాడు

జాజ్ ఫ్యూజన్ అభిమానులను మంచి లైవ్ ఆల్బమ్ ఒకటి చెప్పమనండి. చాలామంది నోట ‘8:30’ అనే పేరు వస్తుంది. వెదర్ రిపోర్ట్ బ్యాండ్ 1979లో విడుదల చేసిన డబుల్ ఆల్బమ్ ఇది. కచేరీలు మొదలయ్యే టైమ్‌నే దానికి పేరుగా పెట్టేశారు. అందులో బేస్ గిటార్ వాయించిన కుర్రాడే జాకో పాస్టోరియస్. అతను చనిపోయి దాదాపు నాలుగు దశాబ్దాలవుతోంది. అయినా ఆ కచేరీలను ఇప్పటికీ రిపీట్‌లో వినేవాళ్లున్నారు.

జాజ్‌లో మనోధర్మం ఎక్కువ. రాసిపెట్టుకున్న స్వరం కంటే అప్పటికప్పుడు అల్లుకునేదే ముఖ్యం. దానికి రాక్, ఫంక్ దరువులు, కరెంటు వాయిద్యాలు తోడైతే అదే ఫ్యూజన్. అందుకే ఈ సంగీతంలో స్టూడియో రికార్డు కంటే లైవ్‌కే క్రేజ్ ఎక్కువ. ఒకే పాట ఏ రాత్రి ఎలా మలుపు తిరుగుతుందో ఎవరికీ తెలీదు. జాకో పేరు వింటే అభిమానులు ఊగిపోయేది కూడా అందుకే.

డ్రమ్స్ నుంచి బేస్‌కు..

జాకో 1951 డిసెంబర్ 1న అమెరికాలోని పెన్సిల్వేనియాలో పుట్టాడు. అసలు పేరు జాన్ ఫ్రాన్సిస్ ఆంథొనీ పాస్టోరియస్. పెరిగింది మాత్రం ఫ్లోరిడాలోని ఫోర్ట్ లాడర్‌డేల్ ప్రాంతంలో. తండ్రి డ్రమ్మర్, గాయకుడు. కొడుకు కూడా మొదట డ్రమ్సే పట్టాడు. 13 ఏళ్ల వయసులో ఫుట్‌బాల్ ఆడుతుంటే మణికట్టుకు దెబ్బ తగిలింది. అది పూర్తిగా నయం కాలేదు. దాంతో తర్వాత బేస్ గిటార్ వైపు మళ్లాడు.

అప్పటిదాకా బేస్ గిటార్ అంటే వెనకాల నిలబడి తాళానికి ఆసరా ఇచ్చే వాయిద్యం. జాకో దాన్ని ముందుకు లాక్కొచ్చాడు. వీణ మీద మెట్లు ఉంటాయి కదా.. గిటార్ మెడ మీదా అలాంటివే ఉంటాయి. జాకో వాయించిన 1962 నాటి ఫెండర్ జాజ్ బేస్‌కు మాత్రం మెట్లు ఉండేవి కావు. ఆ చెక్క మీద పడవలకు వాడే ఎపాక్సీ పూశాడు. దాంతో స్వరం మెట్టు మెట్టుగా కాకుండా, మన గమకంలా జారుతూ పలికేది. గొంతుతో పాడుతున్నట్టే ఉండేది.

1976లో తన పేరుతోనే తొలి ఆల్బమ్ వచ్చింది. మొదటి ట్రాక్‌లో బేస్, కాంగా డ్రమ్స్.. అంతే. ఇంకే వాయిద్యమూ లేదు. విన్న బేస్ కళాకారులకు దిమ్మ తిరిగింది.

వెదర్ రిపోర్ట్ రోజులు

వెదర్ రిపోర్ట్ సారథి జో జావినుల్ మయామీకి వచ్చినప్పుడు జాకో నేరుగా ఎదురెళ్లి, ప్రపంచంలోకెల్లా గొప్ప బేస్ ప్లేయర్‌ను తానేనని పరిచయం చేసుకున్నాడట. జావినుల్ విసుక్కున్నాడు. కానీ టేపు విన్నాక మనసు మార్చుకున్నాడు. 1976లో జాకో ఆ బ్యాండ్‌లో చేరాడు. మరుసటి ఏడాది వచ్చిన ‘హెవీ వెదర్’ ఆ బ్యాండ్‌కు అతిపెద్ద హిట్.

‘8:30’ నాటికి బ్యాండ్‌లో ఉన్నది నలుగురే. జావినుల్, వేన్ షార్టర్, జాకో, డ్రమ్మర్ పీటర్ ఎర్స్‌కిన్. నాలుగు వైపుల్లో మూడు లైవ్, ఒకటి స్టూడియో. ‘స్లాంగ్’ అనే ట్రాక్‌లో జాకో ఒంటరిగా వాయిస్తాడు. ముందు ఒక చిన్న వరుస వాయించి, మెషీన్ సాయంతో అదే మళ్లీ మళ్లీ వచ్చేలా చేస్తాడు. దాని మీద తానే సోలో అల్లుతాడు. ఇప్పుడు ఇలాంటి లూపులు మామూలే. అప్పట్లో జనం నోళ్లు వెళ్లబెట్టి చూశారు. ఈ ఆల్బమ్‌కు గ్రామీ కూడా వచ్చింది.

అదే 1979లో క్యూబా రాజధాని హవానాలో జాన్ మెక్‌లాఫ్లిన్, టోనీ విలియమ్స్‌లతో కలిసి ‘ట్రియో ఆఫ్ డూమ్’ పేరుతో వాయించాడు. మెక్‌లాఫ్లిన్ మనవాళ్లకు కొత్తేమీ కాదు. ‘శక్తి’ బృందాన్ని పెట్టిన గిటారిస్టు. మన పాలకొల్లు బిడ్డ మాండొలిన్ శ్రీనివాస్ తర్వాతి కాలంలో ‘రిమెంబర్ శక్తి’లో ఆయన పక్కనే కూర్చుని వాయించాడు.

చప్పట్ల వెనక జబ్బు

స్టేజీ మీద జాకో కుదురుగా నిలబడేవాడు కాదు. గెంతేవాడు, పిల్లిమొగ్గలు వేసేవాడు. జనం ఈలలు వేసేవారు. అందులో ఎంత షో, ఎంత జబ్బు అన్నది చాలాకాలం ఎవరికీ పట్టలేదు. 1982లో వెదర్ రిపోర్ట్ నుంచి బయటికొచ్చి సొంత బిగ్ బ్యాండ్‌తో జపాన్ వెళ్లాడు. ఆ టూర్‌లో ప్రవర్తన బాగా గాడి తప్పింది. తర్వాత బైపోలార్ డిజార్డర్ అని తేలింది. మద్యం, డ్రగ్స్ దాన్ని ఇంకా ముదరబెట్టాయి. విచిత్రం ఏంటంటే.. అదే టూర్ నుంచి వచ్చిన లైవ్ ఆల్బమ్ ‘ఇన్విటేషన్’లో వాయిద్యం మాత్రం అద్భుతం. వింటే ఆ మనిషి అప్పటికే మునిగిపోతున్నాడని అనిపించదు.

1980ల మధ్యకొచ్చేసరికి న్యూయార్క్ వీధుల్లో ఇల్లు లేకుండా తిరిగాడు. 1986లో బెల్‌వ్యూ ఆసుపత్రిలో చేర్చారు. ప్రాణంలా చూసుకున్న ఫెండర్ బేస్ కూడా అదే ఏడాది వాషింగ్టన్ స్క్వేర్ పార్కులో పోయింది.

1987 సెప్టెంబర్ 11 రాత్రి ఫ్లోరిడాలో సాంటానా కచేరీ జరుగుతోంది. జాకో స్టేజీ ఎక్కేశాడు. సిబ్బంది దించి బయటికి పంపారు. అక్కడి నుంచి ఒక నైట్ క్లబ్‌కు వెళితే లోపలికి రానివ్వలేదు. గొడవ ముదిరింది. క్లబ్ ఉద్యోగి చేతిలో తీవ్రంగా దెబ్బలు తిని కోమాలోకి వెళ్లాడు. సెప్టెంబర్ 21న కన్నుమూశాడు. వయసు 35.

అభిమానులు వదల్లేదు

మరుసటి ఏడాదే డౌన్‌బీట్ పత్రిక పాఠకులు ఓట్లేసి అతణ్ని హాల్ ఆఫ్ ఫేమ్‌లో కూర్చోబెట్టారు. 30వ పుట్టినరోజున ఫోర్ట్ లాడర్‌డేల్ క్లబ్‌లో ఇచ్చిన కచేరీ 1995లో ‘ది బర్త్‌డే కన్సర్ట్’గా బయటికొచ్చింది. 1982 జూన్‌లో న్యూయార్క్‌లో చేసిన కచేరీ 2017లో ఆల్బమ్ అయింది. అంటే 35 ఏళ్లు బతికిన మనిషి కచేరీ వెలుగు చూడటానికి ఇంకో 35 ఏళ్లు పట్టింది. పోయిన బేస్ 20 ఏళ్ల తర్వాత దొరికింది. మెటాలికా బేస్ కళాకారుడు రాబర్ట్ ట్రుజిల్లో ముందుకొచ్చి అది చేతులు మారిపోకుండా చూశాడు. జాకో మీద డాక్యుమెంటరీ కూడా నిర్మించాడు. పెరిగిన ఊళ్లో అతని పేరుతో పార్కు ఉంది.

కొత్తగా వినేవాళ్లు ‘8:30’తో మొదలుపెట్టి, తర్వాత ‘ది బర్త్‌డే కన్సర్ట్’ వినండి. ఆ రెండో ఆల్బమ్‌లో చుట్టూ స్నేహితులు, సొంతూరి జనం.. మధ్యలో సంతోషంగా ఉన్న జాకో వినిపిస్తాడు. తర్వాత వీధుల్లో తిరిగిన మనిషీ ఇతనే. వేదిక మీద ఇంతగా మెరిసే మనిషికి కూడా కిందకు దిగాక వైద్యం, తోడు కావాల్సి వస్తాయని ఆ చప్పట్లు కొట్టినవాళ్లకు అప్పటికి తెలీదు.