తనను తాను ప్రశ్నించుకున్న బిషప్

దోర్నకల్ అంటే చాలామందికి రైల్వే జంక్షనే గుర్తొస్తుంది. ఆ ఊరికి ఇంకో పేరు తెచ్చినవారు బిషప్ అజరయ్య. 1874లో తమిళనాట వెల్లాలన్‌విళైలో పుట్టారు.

1902లో జాఫ్నా వెళ్లినప్పుడు, అక్కడి తమిళ క్రైస్తవులు సొంత ఖర్చుతో సేవకుల్ని పంపడం చూశారు. మరి మనమేం చేస్తున్నాం? ఆ ప్రశ్న ఆయన్ని వదల్లేదు. మరుసటేడే మిత్రులతో కలిసి తిరునెల్వేలిలో మిషనరీ సంఘం పెట్టారు. ఇతరుల్ని పంపి తాను ఇంట్లో కూర్చోలేదు. వై.ఎం.సి.ఏ. ఉద్యోగం వదులుకుని 1909లో నిజాం రాజ్యంలోని దోర్నకల్ చేరారు. తెలుగు నేర్చుకున్నారు, ఎడ్లబండిమీద పల్లెలు తిరిగారు. 1912లో ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు.

పదవి వచ్చినా ప్రశ్న మారలేదు. నోటితో చెప్పే విశ్వాసం నడతలో కనిపిస్తోందా? కులం పట్టింపు, తాగుడు మానాలని పట్టుబట్టేవారు. భార్య అన్బు మరియమ్మాళ్ స్త్రీల మధ్య పనిచేశారు. పేద ఇల్లాళ్లు ఎసట్లో బియ్యం పోసేముందు ఓ పిడికెడు సంఘానికి తీసిపెట్టేవారు. ఉన్నదాంట్లోంచే ఇవ్వాలన్నది ఆయన బోధ.

1939లో దోర్నకల్ కెథడ్రల్ పూర్తయింది. 1945 జనవరి 1న ఆయన కన్నుమూశారు. కెథడ్రల్ చూడ్డానికి ఎప్పుడో గాని వెళ్లం. కానీ రోజూ బియ్యం కొలిచేటప్పుడు, నమ్మినట్టే బతుకుతున్నామా అని ఒక్క క్షణం అడుక్కోవడానికి ఏ మతమైతేనేం!