వృత్తాల వెనకాల మనిషి: జాన్ వెన్

ఒకదానిమీదికి ఒకటి ఎక్కిన వృత్తాలు స్కూల్లో అందరం గీశాం. వెన్ అనేది ఒక మనిషి పేరని మాత్రం చాలామందిమి పట్టించుకోలేదు.

జాన్ వెన్ 1834 ఆగస్టు 4న ఇంగ్లండులోని హల్‌లో పుట్టారు. తల్లి చిన్నప్పుడే పోయింది. తాత, తండ్రి ఇద్దరూ పేరున్న పాదిరీలు. తండ్రి హెన్రీ చాలా ఏళ్లు చర్చ్ మిషనరీ సొసైటీ కార్యదర్శి. మచిలీపట్నంలో నోబుల్ దొర బడి పెట్టింది ఆ సొసైటీ తరఫునే. అలా ఆ ఇంటికి తెలుగువాళ్లతో కాస్త సంబంధం ఉంది.

వెన్ కేంబ్రిడ్జిలో గణితం చదివి 1857లో పట్టా పుచ్చుకున్నారు. ఇంటి ఆనవాయితీ ప్రకారం పాదిరీ అయ్యారు గానీ మనసంతా తర్కం మీదే. 1862లో కేంబ్రిడ్జికి తిరిగొచ్చి పాఠాలు చెప్పడం మొదలుపెట్టారు.

వృత్తాలతో తర్కం చెప్పడం ఆయనకంటే ముందే ఉంది. 1768లోనే ఆయిలర్ అచ్చువేశారు. అయితే ఆయిలర్ పద్ధతిలో జవాబు ముందే తెలిస్తేనే బొమ్మ గీయగలం. వెన్ 1880లో దాన్ని తిరగేశారు. ముందు అన్ని గడులూ గీయాలి, తర్వాత ఎవరూ లేని గడిని నల్లగా నింపాలి. మన ఊరికే పెట్టి చూడండి: తెలుగు మాట్లాడేవాళ్లు ఒక వృత్తం, తెలుగు రాయగలిగేవాళ్లు ఒకటి, తమిళం రాయగలిగేవాళ్లు ఒకటి. తెలుగు మాట్లాడతారు, రాసేది మాత్రం తమిళమే అన్నవాళ్లకీ అందులో ఒక గడి ఉంటుంది. మనలో చాలా ఇళ్లు ఆ గడిలోవే.

ఆ గడిలో ఎవరైనా ఉన్నారా అన్నదే వెన్ ప్రశ్న, ఎంతమంది అని కాదు. అందుకే ఆయన బొమ్మలో సైజుకి అర్థం లేదు. ఇప్పుడు సంఖ్యకు తగ్గ వైశాల్యం కూడా కావాలంటున్నారు. అక్కడ జాగ్రత్త పడాలి. నలభైమందికీ పదిమందికీ వృత్తాలు గీస్తే పెద్దదాని వ్యాసార్థం రెండింతలే ఉండాలి. నాలుగింతలు చేస్తే వైశాల్యం పదహారింతలై కంటిని మోసం చేస్తుంది. రెండు వృత్తాలైతే ఎప్పుడూ సరిగ్గా కుదురుతాయి. మూడైతే లోపల ఏడు భాగాలొస్తాయి. మన చేతిలో ఉండేవి మూడు సైజులు, మూడు దూరాలు, మొత్తం ఆరే. ఏడో భాగం దానంతటదే పడుతుంది, మన అంకెతో కలవకపోవచ్చు. నాలుగు వృత్తాలైతే అన్ని గడులే రావు. వెన్ అందుకే అక్కడ దీర్ఘవృత్తాలు వాడారు.

1883లో ఆయన పాదిరీ పదవి వదిలేశారు. చర్చి సిద్ధాంతాలన్నిటికీ తలూపడం తనవల్ల కాదనుకున్నారు, దేవుడిమీద నమ్మకం మాత్రం వదల్లేదు. తరతరాల ఇంటి వృత్తిని కాదనుకోవడం చిన్న సంగతి కాదు. అదే ఏడు రాయల్ సొసైటీ సభ్యుడయ్యారు.

చేతిపని కూడా వచ్చు. ఆయన చేసిన బౌలింగ్ యంత్రం 1909లో కేంబ్రిడ్జికి వచ్చిన ఒక ఆస్ట్రేలియా ఆటగాణ్ణి నాలుగుసార్లు ఔట్ చేసింది! 1923 ఏప్రిల్ 4న కన్నుమూశారు. ఆయన కాలేజీ భోజనశాల కిటికీలో రంగు అద్దాలతో ఆ మూడు వృత్తాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఫారాల్లో మాతృభాషకి ఒక్కటే గడి ఇస్తారు. వెన్ అయితే రెండు వృత్తాలు గీసి, ఆ రెండూ కలిసేచోట మనకి చోటు ఉంచేవారు.