వాన లెక్క కట్టిన మహనీయుడు

విజ్ఞాన ప్రదర్శన పోటీకై మన కళాశాల విద్యార్థులు వాతావరణ శాస్త్రపు తొలి పాఠాలు నేర్చుకుంటున్నారు. గాజు సీసా, గరాటు, కొలబద్దలతో ఒక వర్షమాపకం తయారుచేసి మేడ మీద గోడవారగా ఉంచారు. గోడ చాటు వల్ల కొలత తక్కువ వచ్చింది. దానిని ఆరుబయటికి మార్చిన తరువాత లెక్క కుదిరింది. ఇంతటి చిన్న కొలత వల్ల లోకానికి ఒరిగేదేమిటని ఒక విద్యార్థి నన్నడిగాడు. తెలుగు బోధించే నాకు శాస్త్ర పరిచయం స్వల్పమే అయినా, ఆ ప్రశ్నకు సమాధానంగా ఒక మహనీయుని జీవితం స్ఫురించింది. ఆయనే మోక్షగుండం విశ్వేశ్వరయ్య.

ఆయన పూర్వీకులు తెలుగునాట గిద్దలూరు ప్రాంతంలోని మోక్షగుండం గ్రామస్థులు. ఆయన మాత్రం మైసూరు సంస్థానంలోని ముద్దేనహళ్ళిలో జన్మించారు. బాల్యంలోనే తండ్రిని కోల్పోయి, పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ బెంగుళూరు సెంట్రల్ కళాశాలలో 1881లో బి.ఏ. పట్టం పొందారు. పిమ్మట పూనాలో ఇంజనీరింగు చదివి బొంబాయి ప్రభుత్వ కొలువులో చేరారు. ఖడక్‌వాస్లా జలాశయానికి ఆయన రూపొందించిన స్వయంచాలక తలుపులు 1903లో అమరి ఆయనకు ఖ్యాతి తెచ్చాయి.

1908 సెప్టెంబరు 28న మూసీ నది హైదరాబాదు నగరాన్ని ముంచెత్తింది. వేలాది ఇళ్ళు నేలమట్టమయ్యాయి. వేల ప్రాణాలు నీటిపాలయ్యాయి. అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు మాత్రం తన కొమ్మలపై నూటయాభై మందిని నిలుపుకొని కాపాడింది. ఆరవ నిజాం మహబూబ్ అలీ ఖాన్ ప్రభుత్వం ఆహ్వానించగా విశ్వేశ్వరయ్య 1909లో ఇక్కడికి వచ్చారు.

ఆ విపత్తును విధిలిఖితమని ఆయన వదిలివేయలేదు. వాన ఎంత కురిసింది, ఎంత ప్రాంతంపై కురిసింది, ఎంత వేగంతో నదిని చేరింది అని విచారించారు. శంషాబాదులో 24 గంటల్లో 12.8 అంగుళాల వర్షం నమోదై ఉంది. నగరానికి ఎగువన ఉన్న పరీవాహక ప్రాంతం 862 చదరపు మైళ్ళు. అందులోని 788 చెరువులలో 221 తెగిపోయాయి. ఒక చెరువు తెగిన నీరు దిగువ చెరువు కట్టను తెంచి, వరద ఉధృతిని పెంచింది. నది గరిష్ఠ ప్రవాహం 4,25,000 క్యూసెక్కులని తేలింది.

విద్యార్థులారా, మీరే ఒక లెక్క కట్టి చూడండి. 862 చదరపు మైళ్ళపై ఒక్క అంగుళం వాన కురిస్తే సుమారు 200 కోట్ల ఘనపుటడుగుల నీరవుతుంది. అంతటి ఉధృత ప్రవాహంలో కూడా అది సాగిపోవడానికి గంటకు పైగా పడుతుంది. మీ సీసాపై గీసిన ఒక్క గీతకు అంతటి అర్థం ఉంది.

ఎగువన జలాశయాలు నిర్మించి వరదను పట్టి ఉంచి, మెల్లగా విడవాలన్నది ఆయన సూచన. నది గట్లను, నగరపు మురుగునీటి వ్యవస్థను బాగుచేయాలని కూడా ఆయన చెప్పారు. ఏడవ నిజాం కాలంలో మూసీపై ఉస్మాన్‌సాగర్ 1920లోను, ఈసీపై హిమాయత్‌సాగర్ 1927లోను పూర్తయ్యాయి. వరదను అడ్డుకొనే ఆ జలాశయాలే నగరానికి తాగునీరు కూడా ఇచ్చాయి. విశ్వేశ్వరయ్య తరువాత మైసూరు దివానుగా పనిచేసి, 1955లో భారతరత్న బిరుదు పొంది, 1962లో నూరేళ్ళు దాటిన వయసులో కన్నుమూశారు.

ఆ మూసీ నేటికీ మన ఉప్పల్ పక్కగానే ప్రవహిస్తోంది. 2020 అక్టోబరులో ఉప్పల్‌కు తూర్పున ఘట్‌కేసర్ వద్ద ఒక్క దినంలో సుమారు 32 సెంటీమీటర్ల వాన పడింది. ఇది నాటి శంషాబాదు కొలతకు దాదాపు సమానం. నగరానికి ఎగువన కట్టిన జలాశయాలు, వాటికి దిగువన కురిసే వానను ఆపజాలవు. ఉప్పల్, నాచారం చెరువులూ నాలాలూ పూడిపోకుండా ఉంటేనే ఆ నీటికి దారి దొరుకుతుంది.

కనుక పోటీలో బహుమతి వచ్చినా రాకపోయినా, ఆ సీసాను మేడ మీది నుండి దింపవద్దు. ప్రతి ఉదయం ఒకే వేళకు చూసి, వాన లేని నాడు సున్న అనే రాయండి. నేడు మీరు వ్రాసే అంకె రేపు ఒక ఊరిని కాపాడే ఇంజనీరుకు ఆధారం కావచ్చు.