ఆండర్సన్ గారి రైఫిల్

పోయిన సంక్రాంతికి నర్సీపట్నం దగ్గర మా అమ్మమ్మ వాళ్ల ఊరు వెళ్లాను. అడవిపందులు చెరకు తోట సగం తొక్కేసి ఉన్నాయి. తక్కువ ధరలో పనికొచ్చే రైఫిల్ ఏదో నెట్‌లో చూసి చెప్పమని మావయ్య అడిగాడు. అలా వెతుకుతూ కెన్నెత్ ఆండర్సన్ జీవితం దగ్గర ఆగిపోయాను.

ఉత్తరాదిలో జిమ్ కార్బెట్ ఎంతో, దక్షిణాదిలో ఆండర్సన్ అంత. ఆయన పుట్టింది మన బొలారంలోనే, 1910లో. తరతరాలుగా ఇండియాలో స్థిరపడిన స్కాటిష్ కుటుంబం వాళ్లది. చదువు బెంగళూరులో. మొదట పోస్టల్, టెలిగ్రాఫ్ శాఖలో, తర్వాత అక్కడి విమానాల ఫ్యాక్టరీలో ఉద్యోగం చేశారు. అంటే రాజు కాదు, జమీందారు కాదు, నెల జీతగాడు. మనుషుల్ని తినే పులి తిరుగుతోందని కబురొస్తే సెలవు పెట్టి వెళ్లేవారు. అప్పటి చిత్తూరు జిల్లా మామండూరు అడవుల్లోనూ తిరిగారు. 1939 నుంచి 1966 లోపు ఆయన చంపిన నరభక్షకులు 8 చిరుతలు, 7 పులులు అని రికార్డు.

సంస్థానాధీశులు ఇంగ్లండ్‌లో చేత్తో చేయించుకున్న డబుల్ బ్యారెల్ రైఫిళ్లు వాడేవారు. వాటి ఖరీదు జీతగాడికి అందేది కాదు. ఆండర్సన్ వాడింది అమెరికా ఫ్యాక్టరీలో తయారైన వించెస్టర్ 1895 మోడల్, పాయింట్ 405. ట్రిగ్గర్ కింద ఉన్న లీవర్‌ని కిందికి తోసి పైకి లాగితే చాలు, ఖాళీ తూటా బయటపడి కొత్తది లోపలికి వెళ్తుంది. మ్యాగజైన్‌లో 4 తూటాలు. గుండు బరువు దాదాపు 19 గ్రాములు. చాలా దూరం కొట్టడానికి ఇది అంత మంచిది కాదు. కానీ ఆయన రాత్రిళ్లు మంచె మీద కూర్చుని, రైఫిల్‌కి టార్చ్ బిగించి, దగ్గర నుంచే కాల్చేవారు. ఆ పనికి ఇది సరిగ్గా సరిపోయింది.

నన్ను ఆలోచింపజేసింది మాత్రం ఇంకో విషయం. చాలా పులులు, చిరుతలు మనుషుల మీద పడటానికి కారణం పాత గాయాలే అని ఆయన పదే పదే రాశారు. ఎవరో నాటు తుపాకీతో కాలుస్తారు, జంతువు చావదు, కుంటుతుంది. జింకని పట్టలేక పశువుల మీద, తర్వాత మనుషుల మీద పడుతుంది. చవక తుపాకీ ఖర్చు ఇంకో ఊరి వాళ్లు ప్రాణాలతో కట్టేవారన్నమాట. అందుకే తన గుండు గురి తప్పి జంతువు గాయపడితే, ఆండర్సన్ దాన్ని అలా వదిలేసేవారు కాదు. నెత్తుటి జాడ పట్టుకుని నడిచి వెళ్లేవారు.

వయసు పెరిగేకొద్దీ ఆయనకి వేట మీద కన్నా అడవిని కాపాడటం మీదే మనసు పోయింది. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1974లో ఆయన బెంగళూరులో క్యాన్సర్‌తో చనిపోయారు.

ఇప్పుడు తుపాకీ లైసెన్స్ ఉన్నా, అడవిపందిని కాల్చాలంటే అటవీ శాఖ అనుమతి కావాలి. మన వైజాగ్ పక్కన కంబాలకొండలో ఇప్పటికీ చిరుతలున్నాయి. వాటిలో ఒకటి కుంటుతూ కాలనీల్లోకి వస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

మావయ్యకి రైఫిల్ పేరు చెప్పలేదు. ఆండర్సన్ కథ మొత్తం చెప్పాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, సోలార్ కంచెకి ఎంత అవుతుందో కనుక్కోమన్నాడు.