ఆస్వాల్డ్ ఏవరీ

మధుమేహ రోగులకు ప్రాణాధారమైన ఇన్సులిన్ నేడు బాక్టీరియా, ఈస్టు వంటి సూక్ష్మజీవుల చేత తయారు చేయింపబడుచున్నది. ఒక జీవి యొక్క జన్యువు వేరొక జీవిలో పనిచేయుట ఎట్లు సాధ్యమయ్యెను? ఈ ప్రశ్నకు సమాధానము వెదకునపుడు మనకు ముందుగా స్మరణకు వచ్చు మహనీయుడు ఆస్వాల్డ్ ఏవరీ.

ఏవరీ 1877వ సంవత్సరము అక్టోబరు 21వ తేదీన కెనడా దేశమందలి హాలిఫాక్స్ నగరమున జన్మించెను. తండ్రి క్రైస్తవ మతబోధకుడు. 1887లో ఆ కుటుంబము న్యూయార్కునకు తరలివచ్చెను. ఏవరీ 1904లో కొలంబియా విశ్వవిద్యాలయమున వైద్యపట్టము పొందెను. 1913లో రాక్‌ఫెల్లర్ సంస్థ ఆసుపత్రిలో చేరి, నాడు ఎందరినో బలిగొనుచున్న న్యుమోనియా క్రిములను పరిశోధింపసాగెను. ఆయన వివాహమాడలేదు, పరిశోధనకే జీవితమును అంకితము చేసెను.

1928లో ఇంగ్లండునందు ఫ్రెడరిక్ గ్రిఫిత్ ఒక వింతను కనుగొనెను. వేడిచే చంపిన రోగకారక క్రిములను, జీవించియున్న నిరపాయకర క్రిములను కలిపి చుంచెలుకలకు ఎక్కింపగా అవి మరణించెను. నిరపాయకర క్రిములే రోగకారకములుగా మారి, ఆ గుణమును తమ సంతతికిని ఇచ్చెను. ఏవరీ దీనిని మొదట విశ్వసింపలేదు. విశ్వసించిన పిమ్మట కారణము తెలియువరకు విడువలేదు.

మెక్లౌడ్, మెకార్టీ అను సహచరులతో ఆయన చచ్చిన క్రిముల నుండి సారమును తీసి శుద్ధి చేసెను. మాంసకృత్తులను నశింపజేయు ఎంజైములను కలిపినను దాని శక్తి తగ్గలేదు. డి.ఎన్.ఎ.ను నశింపజేయు ఎంజైమును కలిపినంతనే ఆ శక్తి అంతరించెను. 1944లో ఈ ఫలితములు వెలువడునాటికి ఆయనకు 66 ఏండ్లు.

అనువంశిక గుణములకు ఆధారము మాంసకృత్తులే యని పెక్కుమంది శాస్త్రజ్ఞులు తలచుచుండిన కాలమది. ఆ సారమున మాంసకృత్తులు లేశమైనను మిగిలియుండునని కొందరు ఆక్షేపించిరి. ఏవరీయో, తాను రుజువు చేసినదానికి మించి ప్రకటించుటకు వెనుకాడెను. ఆయనకు నోబెల్ బహుమానము లభింపలేదు. 1955 ఫిబ్రవరి 20వ తేదీన నాష్‌విల్ నగరమున దివంగతుడయ్యెను.

బాక్టీరియాలో ముఖ్య డి.ఎన్.ఎ.తోపాటు, ప్రత్యేకముగా వృద్ధి పొందు చిన్న డి.ఎన్.ఎ. వలయములును ఉండును. 1952లో లెడర్‌బర్గ్ ప్లాస్మిడ్ అను పేరు పెట్టెను. 1973లో కోహెన్, బోయర్ మున్నగువారు అట్టి వలయమును ఎంజైముతో కత్తిరించి, అందు వేరొక డి.ఎన్.ఎ. ముక్కను అతికి, బాక్టీరియాలోనికి పంపిరి. బాక్టీరియా తాను పెరుగుచు ఆ ముక్కను గూడ పెంచెను. యాంటిబయాటిక్ మందును తట్టుకొను జన్యువు ప్లాస్మిడ్‌పై నుండుటచే, దానిని స్వీకరించిన క్రిములు మాత్రమే ఆ మందు కలిపిన ఆహారముపై బ్రతుకును. కనుక వానిని ఏరుట సులభము. ఈ విధానముతో చేసిన మానవ ఇన్సులిన్‌కు 1982లో అమెరికా అనుమతి నిచ్చెను.

వెలుపలి డి.ఎన్.ఎ.ను స్వీకరించి బాక్టీరియా క్రొత్త గుణమును పొందుననునదియే ఈ విద్యకంతటికిని మూలము. దానిని నిరూపించిన ఏవరీ ఈ ఫలములను చూడక కన్నుమూసెను. ఇన్సులిన్ సీసాపై ఆయన పేరు ఉండదు. అయినను పాఠశాలలో ప్రయోగము చేయునపుడు, కన్నదానినే వ్రాయుట, ఋజువైనదానినే పలుకుట మనము ఆయన వలన నేర్వవచ్చును.